నట్టు మీద పసుపు గీత

మాట తప్పడానికి అతనికి నాలుగు నిమిషాలు పట్టింది.

లాడ్జి గదిలో దిగగానే ఆమె స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. లోపల షవర్ చప్పుడు మొదలైంది. వెంటనే అతను మంచం కింద నుంచి తన సంచీ లాగి, అడుగున బనియన్లలో చుట్టి తెచ్చుకున్న స్పానర్ బయటికి తీశాడు. పదిహేను నంబరు. మూరెడు పొడుగు. సైకిల్ షాపులో ఇరవై రెండేళ్లుగా అది అతని కుడిచేతికి ఆరో వేలు. కిటికీ పక్కన గోడకు ఆనించిన ఆమె సైకిల్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వెనక చక్రం నట్టుకు స్పానర్ తగిలించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాడు. పావు చుట్టు తిరిగింది. అవతలి వైపు నట్టు ఇంకో పావు చుట్టు.

"చూశావా, వదులుగానే ఉంది," అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

వదులుగా లేదు. ఆమె సరిగ్గానే బిగించింది. ఆ సంగతి నోటికి తెలియకపోయినా అతని చేతికి తెలుసు.

జేబులోంచి చిన్న సీసా తీశాడు. పసుపురంగు నెయిల్ పాలిష్. నట్టు మీద నుంచి ఫ్రేము మీదికి సన్నగా ఒక గీత గీశాడు. నట్టు ఏమాత్రం కదిలినా గీత రెండు ముక్కలవుతుంది, చూడగానే తెలిసిపోతుంది. నాలుగేళ్లుగా షాపులో ఏ నట్టు బిగించినా ఇలా గీయనిదే అతని చెయ్యి ఊరుకోదు. ఇప్పుడూ ఊరుకోలేదు.

షవర్ ఆగింది. స్పానర్ బనియన్లలోకి, సీసా జేబులోకి దూరాయి. ఆమె తల తుడుచుకుంటూ వచ్చేసరికి అతను మంచం మీద కూర్చుని బుద్ధిమంతుడిలా గోళ్లు చూసుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు."

"మీరు ఏం లేదన్నప్పుడల్లా ఏదో ఒకటి ఉంటుంది మెకానిక్ గారూ." ఆమె ముక్కు ఎగబీల్చింది. "ఏంటీ వాసన?"

"నీ కూతురు గోళ్లకు రంగేసుకుందేమో."

ఆ అబద్ధం ఇట్టే అతుక్కుంది. పదిహేడేళ్ల కూతురు పక్క మంచం మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గోడవైపు తిరిగి నిద్రపోతోంది. ఇంట్లో ఆ పిల్లను అందరూ కందిరీగ అనే పిలుస్తారు. ఆ నాలుకకు ఆ పేరే తగింది.

అయిదు గంటలకల్లా సైకిల్‌ను సరస్సు ఒడ్డున నిర్వాహకుల దగ్గర అప్పగించేశారు. ఇక తెల్లవారి పోటీ మొదలయ్యేదాకా దాన్ని ముట్టుకోవడం అతని తరం కాదు. గుండెల మీద నుంచి బరువు దిగినట్టనిపించింది.

ఇంతకీ అతను తప్పిన మాట ఏమిటంటే, ఆ సైకిల్‌ను ముట్టుకోనని.

దాని వెనక చాలా ఉంది. నాలుగేళ్ల కిందట ఆమె తుంటి విరిగింది. స్కూటర్ అతను నడుపుతున్నాడు, ఆమె వెనక కూర్చుంది. ముందు చక్రం ఒక్కసారిగా ఒరిగింది, బండి పడింది. అతనికి మోచెయ్యి గీరుకుంది. ఆమెకు ఐదు నెలల మంచం. పదిహేడేళ్లు వార్డులో రోగుల్ని లేపి కూర్చోబెట్టిన నర్సు, తన పక్క మీద తాను ఒత్తిగిలలేని మనిషైపోయింది. ఆ ఐదు నెలలూ షాపు షట్టర్ సగమే లేచింది. అతను ఆమె ఒళ్లు తుడిచాడు, అన్నం కలిపి పెట్టాడు, జడ వెయ్యడం నేర్చుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా ఆ జడ ఎడమవైపుకు వంకర పోయేది.

"గొయ్యిలో పడ్డాం," అని అందరికీ చెప్పాడు. డాక్టరుకు చెప్పాడు, అత్తగారికి చెప్పాడు, ఆమెకూ చెప్పాడు.

గొయ్యి లేదు. ఆ మధ్యాహ్నం షాపులో తన స్కూటర్ ముందు చక్రం తనే విప్పి తనే ఎక్కించాడు. నట్టు వేళ్లతో తిప్పి, స్పానర్ అందుకోబోతుంటే ఎవరో చైన్ తెగిన సైకిల్ తోసుకుంటూ వచ్చారు. అటు తిరిగాడు. మళ్లీ ఇటు తిరగలేదు. ఈ సంగతి లోకంలో ఒకే ఒక్కడికి తెలుసు. వాడు అప్పటి నుంచి ప్రతి నట్టూ రెండుసార్లు బిగించి పసుపు గీత గీస్తున్నాడు.

నీళ్లలో వ్యాయామం చెయ్యమని డాక్టరు చెప్పాడు. కర్రతో నడుస్తూ ఆమె ఈతకొలనుకు వెళ్లింది. మొదటి నెల గోడ వదల్లేదు. ఏడాదికి ఈ గోడ నుంచి ఆ గోడకు ఆగకుండా ఇరవైసార్లు ఈదింది. ఆ తర్వాత సైకిల్ అడిగింది. అతను పాత స్టీలు ఫ్రేముకు ఒక్కో భాగం వెతికి తెచ్చి బిగించి ఇచ్చాడు. అందరి సైకిళ్లకూ చిన్న మీట తిప్పితే ఊడే చక్రాలుంటాయి. అతను వాటిని నమ్మలేదు, నట్లే వేశాడు. ఆ తర్వాత ఆమె పరుగు మొదలుపెట్టింది. కుంటుతూ మొదలుపెట్టింది, కుంటడం మానేదాకా పరిగెత్తింది.

రెండు నెలల కిందట ఒక సాయంత్రం షాపుకొచ్చి గల్లాపెట్టె మీద ఒక కాగితం పెట్టింది. రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిల్, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి. ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి.

అతను కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇందులో మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది," అంది ఆమె.

"చెప్పు. గేర్లు మారుస్తా, టైర్లు మారుస్తా..."

"ఏమీ చెయ్యకపోవడం. ఇవాళ్టి నుంచి పోటీ అయ్యేదాకా ఈ సైకిల్‌ను నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. పంక్చర్ వెయ్యడం నేర్పండి. చక్రం తియ్యడం, బిగించడం నేర్పండి. నేర్పి చేతులు కట్టుకోండి."

"ఎందుకే?"

ఆమె బల్ల మీద కూర్చుంది. "నేను మంచం దిగి మూడేళ్లయింది. మీ లెక్కలో ఇంకా దిగలేదు. బకెట్ ఎత్తనివ్వరు. మెట్లెక్కుతుంటే వెనక చేతులు చాపుకుని నిలబడతారు. వార్డులో వంద కేజీల మనిషిని తిప్పి పడుకోబెట్టి వస్తానా, ఇంట్లో కూరల సంచీ లాగేసుకుంటారు. ఈ ఒక్క పని మొదటి నుంచి చివరిదాకా నా చేతుల మీదే జరగాలి. లేకపోతే నేను బాగయ్యానని నాకెప్పటికీ తెలీదు."

అతను మాటిచ్చాడు. నేర్పాడు. జీను కింద సంచీలో పెట్టుకోవడానికి అరచేతిలో ఇమిడే పొట్టి స్పానర్ కొనిచ్చాడు. ఆమె షాపు ముందు గట్టు మీద కూర్చుని ముప్ఫైసార్లు చక్రం విప్పి ఎక్కించింది. పదకొండు నిమిషాల్లో పంక్చర్ పని ముగించేది. అతను నిజంగానే చేతులు కట్టుకుని చూశాడు. నిన్నటి వరకు.

*

ఉదయం ఆరున్నరకు హారన్ మోగింది. మూడు వందల మంది సరస్సులోకి దూకారు. నీళ్లు మరిగిపోతున్నట్టు కనిపించాయి. ఆమె టోపీ ఆకుపచ్చ, ఇంకో వంద మంది టోపీలూ ఆకుపచ్చే.

"అమ్మ ఎక్కడ?" అతను మునివేళ్ల మీద లేచాడు.

"ఆ తడిసిన బఠాణీల్లో ఒకటి," అంది కందిరీగ.

యాభై ఎనిమిది నిమిషాలకు ఆమె ఒడ్డుకు వచ్చింది. జుట్టు మొహానికి అంటుకుపోయి, పెదాలు నీలమై, కళ్లు మాత్రం వెలిగిపోతూ. తాడు అవతల ఉన్న వీళ్లిద్దర్నీ చూసి రెండు వేళ్లు చూపించింది. ఇంకా రెండే ఉన్నాయని. తొమ్మిది నిమిషాల్లో బట్టలు సర్దుకుని సైకిలెక్కి వెళ్లిపోయింది.

సైకిల్ దారి పదిహేను కిలోమీటర్ల చుట్టు. అలాంటివి ఆరు తిరగాలి. మధ్యాహ్నం పన్నెండు గంటల లోపు ముగించకపోతే అక్కడితో పోటీ అయిపోయినట్టే, పరుగుకు పంపరు.

సరస్సుకు పది నిమిషాల నడక దూరంలో ఒక మలుపుంది. అతను ముందురోజే దారంతా చూసొచ్చి, ఆ మలుపు దగ్గర పెదవి విరిచాడు. అంచున పదునైన కంకర. పంక్చరంటూ పడితే అక్కడే. అందుకే వెళ్లి అక్కడే నిలబడ్డాడు. ఏం చేద్దామని నిలబడ్డాడో అతనికీ తెలీదు.

మలుపు కాపలాకు ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. రిటైరైన డ్రిల్ టీచరట. మెడలో విజిల్, చేతిలో అట్ట, చూపులో బెత్తం.

"బాబూ, తాడు అవతల నిలబడు. అంగుళం అంగుళం ముందుకు జరుగుతున్నావు, నేను చూడట్లేదనుకోకు."

"మా ఆవిడ వస్తోందండీ."

"వస్తే చప్పట్లు కొట్టు. చెయ్యి వేశావో, ఆవిడ ఇంటికే."

"చెయ్యి సరే. మాట?"

"పేరు పెట్టి పిలువు, శభాష్ అను, నీ ఇష్టం. ఇలా తిప్పు, అలా లాగు అన్నావో, అదీ సాయమే. విజిల్ ఊదేస్తా."

"మా నాన్నకు ఆ రెండూ తప్ప వేరే మాటలు రావండీ," అంది కందిరీగ.

నాలుగుసార్లు ఆమె ఆ మలుపు తిరిగి వెళ్లింది. నాలుగుసార్లూ అతను ఊపిరి తీసుకోవడం మానేసి, ఆమె దాటాక తీసుకున్నాడు. ఈలోగా ఆ కంకర మీద ముగ్గురికి చక్రాలు కూర్చుండిపోయాయి. మీట తిప్పి చక్రం లాగి, ట్యూబు మార్చుకుని వెళ్లిపోయారు.

అయిదోసారి పదకొండు దాటి రెండు నిమిషాలకు వచ్చింది. మలుపు తిరిగింది. బుస్సుమంది.

ఆ చప్పుడు ఎన్ని వందల చప్పుళ్లలో ఉన్నా అతను పట్టేస్తాడు. వెనక చక్రం.

ఆమె తడబడలేదు. పక్కకు ఆపి, దిగి, సైకిల్‌ను తలకిందులు చేసింది. సంచీలోంచి పొట్టి స్పానర్, కొత్త ట్యూబు తీసి రోడ్డు మీద వరసగా పెట్టింది. షాపు ముందు ముప్ఫైసార్లు చేసినట్టే. అతనికి పదడుగుల దూరంలో. ఇంకా ఒక చుట్టు ఉంది. పదకొండు నిమిషాల్లో పని ముగించి బయల్దేరితే పన్నెండుకు ముందే చేరుతుంది, పైన అయిదారు నిమిషాలు మిగులుతాయి కూడా.

స్పానర్ నట్టుకు తగిలించి లాగింది.

కదల్లేదు.

రెండు చేతులతో లాగింది. కదల్లేదు.

అతనికి అర్థమైంది. మూరెడు స్పానర్‌తో, సైకిళ్లు బిగించీ బిగించీ మొద్దుబారిన చేత్తో, ఊపిరి బిగబట్టి బిగించిన నట్టు. ఆమె చేతిలో ఉన్నది వేలెడు స్పానర్. ముప్ఫైసార్లు విప్పిన నట్టు ఆమెది. ఇది అతనిది.

మూడోసారి లాగినప్పుడు స్పానర్ జారి ఆమె వేలి కణుపులు చైన్‌కు కొట్టుకున్నాయి. రక్తం చిమ్మింది. చేతిని దులుపుకుని, నట్టు మీదికి వంగి దగ్గర్నుంచి చూసింది.

పసుపు గీత.

ఆమె తల ఎత్తింది. నేరుగా అతన్ని చూసింది. ఆ చూపు కోపమో, బాధో, మరింకేదో అతను పోల్చుకోలేకపోయాడు. ఇరవై ఏళ్ల కాపురంలో అలాంటి చూపు ఒక్కసారీ చూడలేదు.

"నాన్నా," అంది కందిరీగ నెమ్మదిగా, "ఆ రంగు నా సీసాది కదూ?"

అతని చెయ్యి తనంతట తానే భుజానికున్న సంచీలోకి దూరింది. బనియన్లు. చల్లటి ఇనుము. తాడు దాటితే మూడంగలు. ఒక్క లాగు. అయిపోతుంది.

"బాబూ." టీచరమ్మ విజిల్ పెదాల దాకా వచ్చి ఆగింది. "చెయ్యి బయట పెట్టు. ఖాళీగా."

అతను బయట పెట్టాడు. ఖాళీగా.

నాలుగు నిమిషాలు పోయాయి. అయిదు. ఆమె నట్టుతో పెనుగులాడుతోంది. అతనికి తెలిసిన ఉపాయం ఒకటుంది. సైకిల్‌ను తలకిందులు పెట్టి లాగితే రాదు. నిలబెట్టాలి. స్పానర్‌ను అడ్డంగా తగిలించి కాలుతో తొక్కాలి. షాపులో అలా తొక్కితే అతనే తిట్టేవాడు, నట్టు మూలలు అరిగిపోతాయని. అందుకే నేర్పలేదు. ఇప్పుడు చెబితే సాయం, చెప్పకపోతే ద్రోహం. పళ్లు గట్టిగా కరిచిపట్టాడు. దవడలు నొప్పి పుట్టాయి.

ఆమె హఠాత్తుగా లాగడం ఆపేసింది. రోడ్డు మీద గొంతుక్కూర్చుని నట్టును కాసేపు చూసింది. వార్డులో కదలని రోగిని అలాగే చూస్తుందేమో. తర్వాత లేచింది. సైకిల్‌ను ఎత్తి చక్రాల మీద నిలబెట్టింది. స్పానర్‌ను నట్టుకు వెనక్కి అడ్డంగా తగిలించి, కుడిచేత్తో హ్యాండిల్, ఎడమచేత్తో జీను పట్టుకుంది. కుడికాలు స్పానర్ మీద పెట్టింది.

వార్డు నుంచి ఇంటికొచ్చాక ఆమె ఎన్నిసార్లు చెప్పేదో. రోగిని చేతుల్తో ఎత్తితే నడుం పోతుందండీ, ఒంటి బరువంతా వెయ్యాలి, ముగ్గురం కలిసి లెక్కపెట్టుకుని మరీ తిప్పుతాం అని. అతను వింటూ ఉల్లిపాయలు తరిగేవాడు.

"ఒకటి, రెండు, మూడు."

స్పానర్ జారింది. ఆమెకు మోకాలి కింద గీరుకుపోయింది. కందిరీగ కళ్లు మూసుకుంది.

"ఒకటి, రెండు, మూడు."

టక్.

నట్టు వదిలింది. పసుపు గీత రెండు ముక్కలైంది. అతను తాడు పట్టుకున్నాడు. పక్కన టీచరమ్మ అట్టతో మొహానికి విసురుకుంటూ, "అమ్మయ్య," అని, వెంటనే గొంతు సవరించుకుని అటు తిరిగింది.

రెండో నట్టుకు రెండే ప్రయత్నాలు పట్టాయి. ట్యూబు మారింది. గాలి ఎక్కింది. చక్రం ఎక్కించి, మళ్లీ కాలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అంటూ ఆమే బిగించింది. అతను కళ్లారా చూశాడు, చేత్తో మాత్రం తడిమి చూసుకోలేదు. ఎక్కేముందు ఆమె అతనివైపు చూడలేదు.

పంతొమ్మిది నిమిషాలు. చుట్టు మిగిలి ఉంది.

*

సైకిళ్లు లోపలికి వచ్చే గేటు దగ్గర పెద్ద గడియారం. పదకొండూ యాభై. యాభై మూడు. అతను గడియారం చూడటం మానేసి దారినే చూశాడు. వెనక చక్రం ఊడి, ఆమె మళ్లీ రోడ్డు మీద పడి ఉన్నట్టు కళ్ల ముందు కదిలింది. తల విదిలించాడు. నాలుగేళ్లుగా ఆ బొమ్మ అతని కనురెప్పల వెనకే కాపురం ఉంటోంది.

అప్పుడే నిర్ణయించుకున్నాడు. గెలిచినా ఓడినా ఇవాళ గొయ్యి సంగతి చెప్పేస్తాడు.

"వచ్చింది!" కందిరీగ అతని భుజం మీద గుద్దింది.

పదకొండు యాభై ఎనిమిది. ఆమె గేటు దాటింది. ఆమె వెనక వచ్చిన ఆరో మనిషికి జెండా అడ్డం పడింది.

పరుగు సరస్సు గట్టు మీద, నాలుగు చుట్లు. మధ్యాహ్నం మూడు గంటల లోపు ముగియాలి. ఎండ నెత్తి మీదికొచ్చింది. మొదటి చుట్టు బాగానే వెళ్లింది. రెండోదీ ఫరవాలేదు. మూడో చుట్టులో విరిగిన తుంటి తన ఉనికి చెప్పింది. అడుగు ఒక పక్కకు పడటం మొదలైంది. ఆ నడక అతను ఎరిగినదే. ఆసుపత్రి వరండాలో మొదటి వారం నడక అది.

రెండున్నరకు ఇంకా మూడు కిలోమీటర్లుంది. ఆమె పరుగు మానేసి నడుస్తోంది. ఇలా నడిస్తే చేరదు.

మలుపు దగ్గర కాపలా ముగించుకుని టీచరమ్మ ఇక్కడికొచ్చి తాడు పక్కన నిలబడింది. "పక్కన పరిగెత్తకూడదు. నోటికి మాత్రం అడ్డు లేదు బాబూ. పొద్దుట్నుంచి దాచుకున్నావుగా, ఇప్పుడు వాడు."

అతను నోరు తెరిచాడు. బాగున్నావా అనాలా? జాగ్రత్త అనాలా? నాలుగేళ్లుగా ఆమెతో అన్నవన్నీ జాగ్రత్తలే. మెల్లగా, వద్దు, నేను తెస్తా, కూర్చో. వాటిల్లో ఒక్కటీ పరిగెత్తడానికి పనికొచ్చేది లేదు.

ఆమె దగ్గరికొచ్చింది. కళ్లు నేల మీదే ఉన్నాయి.

అప్పుడు అతనికి ఇరవై ఒక్కేళ్ల కిందటి మాట ఒకటి గుర్తొచ్చింది. చైన్‌లో బొటనవేలు నలిగి అత్యవసర విభాగానికి పరిగెత్తినప్పుడు, కట్టు కడుతున్న కొత్త నర్సును అందరిలాగే తనూ పిలిచిన మాట. పెళ్లయ్యాక ఆమె వేలు చూపించి మరీ హెచ్చరించింది, ఇంకోసారి ఆ పిలుపు పిలిస్తే కట్టు కాదు, మూతికి కుట్లు వేస్తానని. అప్పటి నుంచి ఒక్కసారీ అనలేదు.

"సిస్టర్!" గొంతు చించుకుని అరిచాడు. "సిస్టర్, నొప్పి సిస్టర్!"

గట్టు మీద జనమంతా తిరిగి చూశారు.

"నాన్నా! అమ్మని పట్టుకుని సిస్టరేంటి, పరువు పోతోంది!"

ఆమె అడుగు తడబడింది. తల ఎత్తింది. అతన్ని చూసింది. ముందు పెదాలు వణికాయి, తర్వాత నవ్వు పొర్లుకొచ్చింది. నవ్వుతూ తుంటి పట్టుకుంది. పట్టుకునే, "ఓర్చుకోవాలి బాబూ, చిన్నపిల్లాడిలా ఏంటిది!" అంది, ఆనాటి మాటే, ఆనాటి గద్దింపుతోనే.

పరిగెత్తింది. అందంగా కాదు. ఒక పక్కకు ఒరుగుతూ, వంద అడుగులు పరుగు, యాభై అడుగులు నడక. వీలైనన్ని చోట్ల అతను తాడు అవతలే అడ్డదారిన నడిచి వెళ్లి నిలబడ్డాడు. నిలబడిన ప్రతిచోటా నొప్పి సిస్టర్ అన్నాడు. మూడోసారికి ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా అందుకున్నారు. ముగింపు కమాను ముందు రెండు వైపులా జనం సిస్టర్, సిస్టర్ అని కేకలు పెడుతుంటే ఆమె ఏడుస్తూ, నవ్వుతూ గీత దాటింది.

గడియారం మీద ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

*

మెడలో పతకం, తుంటి మీద ఐసు సంచీ. ఆమె గడ్డిలో కాళ్లు చాపుకుని కూర్చుంది. కందిరీగ నీళ్లు తేవడానికి వెళ్లింది.

"నిన్న సాయంత్రం..." అని మొదలుపెట్టాడు అతను.

"పదకొండింటికే తెలిసింది. దొంగతనం చేసి సంతకం పెట్టి పోయే దొంగను మిమ్మల్నే చూశాను."

"మాట తప్పాను."

"తప్పారు. ఒళ్లు మండిపోయింది. ఆ మంట మీదే తొక్కాను. లేకపోతే అది ఊడేది కాదు." కట్టు కట్టిన వేళ్లు కదిపి చూసుకుంది. "కానీ నేనే ఊడదీశాను."

"నువ్వే ఊడదీశావు."

"నేనే బిగించాను."

"నువ్వే." గడ్డి పోచ తెంపాడు. "ఇంకోటుంది. ఆ రోజు గొయ్యి లేదు."

ఆమె అర్థం కానట్టు చూసింది. అతను చెప్పాడు. వేళ్లతో తిప్పి వదిలేసిన నట్టు, చైన్ తెగిన సైకిల్, మళ్లీ తిరగకపోవడం. చెబుతున్నంతసేపూ ఆమె కాళ్లనే చూస్తూ చెప్పాడు. దూరంగా మైకులో ఎవరివో నంబర్లు చదువుతున్నారు.

"నాలుగేళ్లు," అంది ఆమె చివరికి.

"నాలుగేళ్లు."

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఐదు నెలలు నాకు జడ వేశారు. అది నట్టు కోసం వేశారా, నా కోసం వేశారా?"

అతను తొందరపడలేదు. ఇవాళ ఇంకో అబద్ధం బిగించే ఓపిక అతనికి లేదు.

"మొదటి వారం నట్టు కోసమే. ఆ తర్వాత... నీ తల నా ఒళ్లో పెట్టుకుని వెయ్యడం బాగుండేది. నువ్వు లేచి నీ జడ నువ్వే వేసుకున్న రోజు, ముందు సంతోషమేసింది. షాపుకెళ్లాక ఏడుపొచ్చింది."

ఆమె ఐసు సంచీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకుంది.

"నన్ను చూడ్డానికొచ్చిన మా వార్డు వాళ్లంతా ఆ జడలు చూసి నవ్వేవాళ్లు. ఎవరమ్మా వేసింది, తాడు పేనినట్టుందని."

"మరి నాతో అనలేదేం?"

"అంటే మానేస్తారని."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె చూడనట్టే ఊరుకుంది. కాసేపయ్యాక చెయ్యి చాచింది. "లేపండి. కోపం పోయిందనుకోకండి, ఇంటికెళ్లాక ఉంది మీకు. ఇవాళ ఓపిక లేదు."

లేపడానికి అతను చెయ్యి ఇచ్చాడు. నడుం పట్టుకోబోయి ఆగాడు. చెయ్యి చాలు.

సైకిల్ తెచ్చుకున్నాక తల్లీకూతుళ్లు బస దాకా వెళ్లే వ్యాన్ ఎక్కారు. అందులో సైకిల్‌కు చోటు లేదు. అతను దాన్ని రోడ్డు మీదికి నడిపించాడు. ముందంతా దిగుడు దారి. వెనక నట్టు దగ్గర గీత రెండు ముక్కలై, ఒకటి ఫ్రేము మీద, ఒకటి ఎక్కడో కిందికి తిరిగి ఉంది. భుజాన సంచీలో స్పానర్ ఉంది. చెయ్యి సంచీ దాకా వెళ్లింది.

వ్యాన్ కిటికీలోంచి ఆమె చూస్తోంది.

"బిగిందో లేదో చూసుకోరా?"

అతను సంచీ తీసి కిటికీలోంచి కూతురి ఒళ్లో పడేశాడు.

"నువ్వు బిగించావుగా," అని సైకిలెక్కి, దిగుడులోకి వదిలాడు.